దీప్తి నావల్ కొండల ప్రయాణాలు చూసి, అక్కతో నార్కండా వెళ్ళొచ్చాను

సిమ్లా అవతలి నార్కండా కొండల నుంచి వచ్చి నాలుగు రోజులైంది. పొద్దున లేవగానే ఇంకా కిటికీ వైపే చూస్తున్నాను. మా విజయవాడ సత్యనారాయణపురంలో కిటికీ తీస్తే కనిపించేది ఎదురింటి నీళ్ళ ట్యాంకు. మరిచిపోకముందే అన్నీ వరసగా రాసిపెడదామని కూర్చున్నాను. యాభై దాటిన ఇద్దరు ఆడవాళ్ళు సొంతంగా ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటే ఎన్నాళ్ళు పడుతుందో, ఎంత ఖర్చవుతుందో, ఎక్కడ భయమేస్తుందో తెలిస్తే ఇంకొకరికి పనికొస్తుంది.

మొదలైంది జనవరి 13న, భోగి రాత్రి. మా అత్తయ్యగారు 2023 డిసెంబరులో పోయారు. ఏటి సూతకం తీరాక వచ్చిన మొదటి సంక్రాంతి ఇది. పదకొండేళ్ళు ఆవిడ మంచం పక్కనే గడిచాయి నాకు. రాత్రి రెండింటికోసారి లేచి చూసే అలవాటు ఇప్పటికీ పోలేదు. ఆ రోజు పండగ పనులన్నీ అయ్యి వంటిల్లు సర్దేసరికి పది దాటింది. ఆయన పడుకున్నారు. నిద్ర పట్టక ఫోన్‌లో పాత హిందీ పాటలేవైనా విందామని దీప్తి నావల్ పేరు కొట్టాను. పాట రాలేదు, ఒక కొండదారి వచ్చింది.

మా తరం వాళ్ళకి దీప్తి నావల్ అంటే 'చష్మే బద్దూర్'లో ఇంటింటికీ తిరిగి చమ్కో సబ్బుపొడి అమ్మే అమ్మాయి. సాయి పరాంజపే తీసిన ఆ సినిమా 1981లో వచ్చింది. మేం చూసింది కొన్నేళ్ళ తరవాత, గుంటూరు అరండల్‌పేటలో, పక్కింటివాళ్ళ బ్లాక్ అండ్ వైట్ టీవీలో. ఆదివారం సాయంత్రం దూరదర్శన్‌లో హిందీ సినిమా అంటే వీధిలో సగం మంది ఆ ముందుగదిలోనే ఉండేవాళ్ళం. అక్క హిందీ ప్రచార సభ పరీక్షలు రాష్ట్రభాష దాకా పాసైంది. నేను మధ్యమతో ఆపేశాను. అందుకని సినిమా నడుస్తున్నంతసేపూ అక్క నా చెవిలో తెలుగు చెబుతూ ఉండేది. అప్పటి హీరోయిన్లలో మాకు దీప్తి అంటే ఎందుకంత ఇష్టమంటే, ఆవిడ మన పక్కింట్లోంచి నడిచొచ్చినట్టు ఉండేది. నూలు చీర కట్టుకుని, నవ్వితే నిజంగా నవ్వొచ్చి నవ్వినట్టు ఉండేది.

ఆవిడ కవిత్వం రాస్తుందని, బొమ్మలు వేస్తుందని, ఫొటోలు తీస్తుందని నాకు ఆ రాత్రి దాకా తెలియదు. అమృత్‌సర్‌లో పుట్టి న్యూయార్క్‌లో చదువుకున్న మనిషని కూడా ఆ తరవాతే చదివాను. కొండల్లో తిరుగుతూ ఇలా ఒక కార్యక్రమం చేసిందని అసలే తెలియదు. ఎక్కడ తినాలి, ఏ హోటల్లో దిగాలి అని చెప్పే టూరు వీడియో కాదది. చూస్తుంటే ఎవరో మనల్ని చెయ్యి పట్టుకుని మెల్లగా నడిపించుకుపోతున్నట్టు ఉంది. ఆ గొంతు వినగానే నాకు పక్కింటి ముందుగది, చాప, అక్క ఊపిరి చెవికి తగలడం అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఒక భాగం అయ్యేసరికి కళ్ళు తడిసిపోయి ఉన్నాయి. దుఃఖం కాదు. ఇన్నేళ్ళలో నేను ఎక్కడికీ వెళ్ళలేదన్న సంగతి అప్పుడే తెలిసొచ్చింది.

మర్నాడు పొద్దున్నే గుంటూరు ఫోన్ చేశాను. "అక్కా, దీప్తి నావల్ గుర్తుందా?" అన్నాను.

"చమ్కో పిల్లేగా. ఏమైంది, బానే ఉందా?" అంది అక్క కంగారుగా. ఈ వయసులో పాత నటుల పేరెత్తితే ముందు ఆ భయమే కదా.

"నిక్షేపంగా ఉంది. నీకొకటి పంపిస్తున్నా, చూడు" అన్నాను.

కనుమ నాటి నుంచి మాకొక పద్ధతి ఏర్పడింది. రాత్రి తొమ్మిదిన్నరకి అక్క అక్కడ, నేనిక్కడ ఒకేసారి మొదలుపెట్టేవాళ్ళం. అయ్యాక అరగంట ఫోన్. దొరికినన్ని భాగాలు జనవరి ఆఖరు రాకముందే చూసేశాం, ఒక్కటి తప్ప. ఆ చివరిది మాత్రం "కొండల్లోనే చూద్దామే" అని అక్క దాచిపెట్టించింది. వెళ్దాం అన్న మాట మా ఇద్దరిలో ముందు ఎవరన్నారో గుర్తులేదు, కానీ వెళ్తాం అని గట్టిగా తేలింది ఆ రోజే.

మధ్యలో ఒక చిన్న చిక్కు. ఆవిడ 1983లో వేసిన కవితల పుస్తకం పేరు 'లమ్హా లమ్హా'. లమ్హా అంటే ఏమిటో నాకు తెలియదు, రాష్ట్రభాష పాసైన అక్కకీ తెలియదు. మా వీధి చివర రిటైరైన హిందీ మాస్టారున్నారు. అడిగితే నవ్వి, "ఉర్దూ మాటమ్మా. మీ సభ పుస్తకాల్లో క్షణ్ అని చదువుకుని ఉంటారు, అదే ఇది" అన్నారు. ఆ మాట ఒక పాత డైరీలో మొదటి పేజీలో రాసుకున్నాను. తరవాత దారిలో విన్న కొత్త మాటలన్నీ అందులోనే రాశాను.

ఊరు ఎంచుకోవడానికి వారం పట్టింది. లడఖ్ అయితే ఎత్తు ఎక్కువ, అక్కకి బీపీ. మా డాక్టరుగారు ఇద్దరికీ ఈసీజీ, రక్తపరీక్షలు చేయించి, "సిమ్లాలో రెండు రాత్రులు ఆగి ఆ తరవాత పైకి వెళ్ళండి. మొదటి రోజు మెట్లు, పరుగులు వద్దు, నీళ్ళు బాగా తాగండి, బీపీ బిళ్ళ మానొద్దు" అన్నారు. పరీక్షలకి ఇద్దరికీ కలిపి 2,300 అయింది. సిమ్లా సుమారు 2,200 మీటర్లు, అక్కడి నుంచి అరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న నార్కండా సుమారు 2,700. మా ఇద్దరికీ అది చాలనిపించింది.

రైలు టికెట్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ముందులా నాలుగు నెలల ముందు తీసుకునే వీలు ఇప్పుడు లేదు, 2024 నవంబరు నుంచి అరవై రోజులే. మేం ఏప్రిల్ 2న బయలుదేరాలనుకున్నాం కాబట్టి ఫిబ్రవరి 1 పొద్దున ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. చేతులు వణికాయి. ఒక సంగతి మాత్రం ముందే తెలుసుకోండి. 45 దాటిన ఆడవాళ్ళు ఒక్కరు గానీ ఇద్దరు గానీ వెళ్తుంటే లోయర్ బెర్తు కోటా ఉంటుంది, బుక్ చేసేటప్పుడు అది ఎంచుకోవాలి. నాకది తెలియక మామూలు కోటాలో తీశాను. ఒక మిడిల్, ఒక సైడ్ అప్పర్ వచ్చాయి. వచ్చేటప్పటికి బుద్ధి తెచ్చుకుని కోటాలో తీస్తే రెండూ లోయరే వచ్చాయి. తమిళనాడు ఎక్స్‌ప్రెస్ థర్డ్ ఏసీ, వెళ్ళేటప్పుడు ఇద్దరికీ నాలుగు వేల పైచిలుకు.

ఇక ఉన్నిబట్టలు. విజయవాడలో జనవరి దాటితే స్వెటరు దొరకడం కష్టం. ప్రతి చలికాలం టిబెట్ వాళ్ళు వచ్చి రోడ్డు పక్కన వరసగా స్వెటర్ల కొట్లు పెడతారు కదా, ఆఖరి వారంలో పరిగెత్తాను. అప్పటికే సగం కొట్లు మూటలు కట్టేస్తున్నారు. ఒకావిడ, నా వయసే ఉంటుంది, రెండు లావు స్వెటర్లు, ఊలు టోపీలు, చేతి తొడుగులు తీసి పరిచింది. తెలుగు అంకెలన్నీ చక్కగా పలుకుతోంది. ఎక్కడికి వెళ్తున్నారని అడిగితే సిమ్లా వైపు కొండలకని చెప్పాను. వాళ్ళది కర్ణాటకలోని ముండగోడు అట, అక్కడే పుట్టి పెరిగిందట. "మీరు టిబెట్ చూశారా?" అని అడిగాను. లేదని తల ఊపి, స్వెటర్లు మడిచి, మళ్ళీ విప్పి, మోచేతుల దగ్గర కుట్టు గట్టిగా ఉందో లేదో వేళ్ళతో నొక్కి చూసి అప్పుడు సంచిలో పెట్టింది. బేరం ఆడాలనిపించలేదు. అన్నీ కలిపి 4,200. ఆ కొండల్లో తిరిగినన్నాళ్ళూ ఆవిడ వేళ్ళు గుర్తొచ్చాయి.

బూట్లకి ఇద్దరికీ 3,400. అవి అలవాటు కావాలి కాబట్టి ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆదివారాలు మంగళగిరి కొండ మెట్లెక్కాం. అక్క గుంటూరు నుంచి, నేను విజయవాడ నుంచి బస్సెక్కితే ఇద్దరికీ మధ్యలో పడేది మంగళగిరే. పొద్దున ఆరింటికల్లా మెట్ల దగ్గర కలుసుకునేవాళ్ళం. మొదటి వారం అక్క నాలుగుసార్లు కూర్చుంది. ఆరో వారానికి ఒక్కసారి కూర్చుని పైకి వచ్చేసింది. పానకాల స్వామికి పానకం పోయించి, తీర్థం తీసుకుని దిగేవాళ్ళం. మా మోకాళ్ళని ఆ కొండల్లో నడిపించింది ఈ మెట్లేనని నా నమ్మకం.

మార్చి 30 ఉగాది. ఏప్రిల్ 2 తెల్లవారుజామున నాలుగింటికి విజయవాడ స్టేషన్లో రైలెక్కాం. ఆయన, బావగారు ఇద్దరూ వచ్చి పెట్టెలు ఎక్కించారు. రైలు కదిలాక అక్క నా చెయ్యి పట్టుకుని వరంగల్ దాకా వదల్లేదు. పెళ్ళయ్యాక మేమిద్దరమే కలిసి ఒక ప్రయాణం చెయ్యడం ఇదే మొదలు.

ఢిల్లీలో 3వ తేదీ పొద్దున దిగాం. ఆ రోజే సిమ్లా కొండల కింద ఉన్న కాల్కా వెళ్ళిపోవచ్చు గానీ రైలు ఆలస్యమైతే అన్నీ తప్పుతాయని ఒక రోజు ఖాళీ ఉంచుకున్నాం. టెన్షన్ లేకుండా పోయింది. మధ్యాహ్నం అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్‌లో భోజనం. పప్పు, పొడి, నెయ్యి చూసేసరికి అక్క ప్రాణం లేచొచ్చింది.

4న పొద్దున శతాబ్దిలో కాల్కా, అక్కడ ఎదురుగానే సిమ్లా వెళ్ళే చిన్న రైలు. ఇది 1903 నుంచి నడుస్తోంది, 96 కిలోమీటర్లకి అయిదు గంటల పైన పడుతుంది. 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. బోగీలో కాళ్ళు చాపుకునే చోటు ఉండదు, పెద్ద పెట్టెలు పెట్టే చోటు అంతకన్నా ఉండదు. మా పెట్టె ఒకటి అయిదు గంటలూ నా మోకాళ్ళ మీదే ఉంది. దయచేసి మెత్తటి సంచుల్లో సర్దుకోండి. వంద పైన సొరంగాలు. ఒక్కో సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు ఈలలు, కేకలు. అన్నిటికన్నా పొడుగైన బరోగ్ సొరంగం 1,143 మీటర్లు. అందులో చీకటి ఎంతసేపు ఉందంటే, కేకలు కూడా మధ్యలో ఆగిపోయాయి. అది దాటి బయటికి రాగానే కిటికీలోంచి దూసుకొచ్చిన చలిగాలికి ఇద్దరం ఒకేసారి సంచిలో స్వెటర్ల కోసం చేతులు పెట్టాం.

సిమ్లాలో నన్ను బాగా ఆశ్చర్యపెట్టింది ఒక్కటే. ఊరి ముఖ్య బజారైన మాల్ రోడ్డులోకి బండ్లు రానివ్వరు. ఆటో అన్న మాటే లేదు. మా గది మాల్ పైన. ఒక పెద్దాయన మా రెండు పెట్టెలూ తాడుతో వీపుకి కట్టుకుని ముందు నడుస్తుంటే, ఉత్త చేతులతో నడుస్తున్న మాకే ఆయాసం వచ్చింది. కాశ్మీర్ నుంచి ఇక్కడికి కూలికి వచ్చానని చెప్పాడు. అడిగిన 300 ఇచ్చాం, ఇంకో వంద అక్క ఇచ్చింది. గది రోజుకి 2,200. వేడినీళ్ళు పొద్దున ఏడు నుంచి తొమ్మిది వరకే. ఇది గది తీసుకునే ముందే అడగాలి. మొదటి రాత్రి అక్కకి తలనొప్పి వచ్చింది. బీపీ చూసుకుంటే మామూలుగానే ఉంది, అయినా నాకు తెల్లవార్లూ నిద్ర లేదు. రెండింటికి లేచే నా పాత అలవాటు ఆ రాత్రి పనికొచ్చింది. రెండుసార్లు లేచి తన దుప్పటి సరిచేశాను. పొద్దునకి తగ్గింది.

6న ఆదివారం, శ్రీరామనవమి. బస్సులో మూడు గంటలు ప్రయాణం చేసి నార్కండా చేరాం. మలుపులకి ముందు సీట్లో కూర్చోవడం మంచిది, వాంతి బిళ్ళ అరగంట ముందు వేసుకోవాలి. దిగింది ఒక ఇంట్లో. కింద వాళ్ళుంటారు, పైన రెండు గదులు అద్దెకిస్తారు. రోజుకి 2,000, పొద్దున ఫలహారం, రాత్రి భోజనం అందులోనే. గదిలో సంచి విప్పితే కొబ్బరినూనె సీసాలో రాయిలా గడ్డకట్టి ఉంది. ఏప్రిల్‌లో!

పండగ పూట పానకం లేకుండా ఎలా అని అక్క బెల్లం, మిరియాలు, యాలకులు మూటకట్టి తెచ్చింది. వాళ్ళ వంటింట్లో గిన్నె అడిగి బెల్లం నీళ్ళలో వేసింది. ఎంతసేపు కలిపినా కరగదే! ఆ నీళ్ళు వేళ్ళు పెడితే కొరికేస్తున్నాయి. బెల్లం ముక్క గిన్నె అడుగున అలాగే కూర్చుంది. చివరికి ఇంటావిడే నవ్వి గిన్నె పొయ్యి మీద పెట్టింది. వేడివేడి పానకం నేను పుట్టాక తాగలేదు. ఒక్క గుక్క తాగి ఆవిడ "అరే, యే తో కాఢా హై!" అంది. జలుబు చేస్తే వాళ్ళు కాచుకునే కషాయమట కాఢా. రాత్రికి వాళ్ళాయన దగ్గుతున్నాడని ఇంకో గ్లాసు అడిగి తీసుకుంది. దేవుడి పటం లేదు, పందిరి లేదు, అయినా ఇంత తృప్తిగా నవమి ఎప్పుడూ చేసుకోలేదు.

7న చుట్టుపక్కల తిరిగాం. కింద కోట్‌గఢ్ వైపు ఆపిల్ తోటలు. అమెరికా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడి సత్యానంద్ స్టోక్స్‌గా పేరు మార్చుకున్న శామ్యూల్ స్టోక్స్ నూరేళ్ళ కిందట ఇక్కడ మంచి రకం ఆపిల్ మొక్కలు నాటించాడు. చెట్లు చాలావరకు బోడిగా, మొగ్గ మీదే ఉన్నాయి. పూలు చూడాలంటే ఇంకాస్త ఆగి రావాలన్నారు. కాస్త నిరాశ కలిగింది.

8న హాటు శిఖరం. 3,400 మీటర్ల ఎత్తు, పైన కొయ్యతో కట్టిన హాటు మాత గుడి. దారిలో మంచు కరగలేదు, బండి వెళ్ళదన్నారు. వెళ్ళగలిగినంత దూరం నడుద్దామని బయలుదేరాం. ఎదురైన ఒక ముసలావిడని ఎంత దూరమని అడిగితే "బస్, థోడీ సీ చఢాయీ హై" అంది. చఢాయీ అంటే ఎక్కుడు. వాళ్ళ లెక్కలో కాస్తంత ఎక్కుడంటే మన మంగళగిరి మెట్లకి మూడింతలని గంట నడిచాక అర్థమైంది. డైరీలో ఆ మాట రాసి కింద గీత గీశాను.

రోడ్డుకి రెండు పక్కలా దట్టంగా చెట్లు. ఒక మలుపు దగ్గర తారు కనిపించడం మానేసింది, మంచు మొదలైంది. పైన తెల్లగా, అంచుల్లో మట్టి కలిసి గోధుమరంగుగా, కింద సన్నటి నీటి చాలు పారుతూ ఉంది. చేతి తొడుగు తీసి ముట్టుకున్నాను. ఉప్పుకల్లులా గరగరలాడింది. అక్కకి ఆయాసం వచ్చి ఒక బండ మీద కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. ఎదురుగా లోయ, దాని అవతల ఒకదాని వెనక ఒకటి కొండలు, అన్నిటి వెనక తెల్లటి వరస. పక్షి కూడా అరవడం లేదు. ఎక్కడో కొమ్మ మీది మంచు జారి కింద పడిన చప్పుడు, అంతే.

చాలాసేపు అక్క ఏమీ మాట్లాడలేదు. చిన్నప్పటి నుంచి నాకు అర్థం కానిది తనే కదా చెప్పేది, ఏదో ఒకటి చెబుతుందని చూస్తున్నాను. "ఏంటక్కా?" అన్నాను చివరికి.

"నేను చెప్పడానికేం లేదే. చూడు" అంది.

శిఖరం దాకా వెళ్ళలేదు. అక్కడి నుంచే వెనక్కి తిరిగాం. గుడి చూడలేదే అన్న బాధ నాకు ఒక పూట ఉంది, అక్కకి అది కూడా లేదు.

దాచుకున్న ఆ చివరి భాగం ఆ రాత్రి చూద్దామనుకున్నాం. మాకు తెలియని ఇంకో సంగతి, చలికి ఫోన్ బ్యాటరీ ఇట్టే అయిపోతుంది. పొద్దున నిండా ఛార్జింగ్ ఉన్నది మధ్యాహ్నానికే చచ్చింది. పైగా ఆ ఇంట్లో సిగ్నల్ ఉంటే కరెంటు లేదు, కరెంటు ఉంటే సిగ్నల్ లేదు. మర్నాడు వాన. గదిలో మూడు దుప్పట్లు కప్పుకుని కిటికీలోంచి మబ్బు లోయలోకి దిగడం, మళ్ళీ పైకి రావడం చూస్తూ కూర్చున్నాం. చూడలేకపోయామని ఇద్దరిలో ఎవరికీ అనిపించలేదు.

10న దిగడం మొదలుపెట్టి, సిమ్లాలో ఒక రాత్రి, ఢిల్లీలో ఒక రాత్రి ఆగి, 14 తెల్లవారేసరికి ఇంట్లో ఉన్నాం. రైళ్ళు, గదులు, తిండి, బట్టలు, పరీక్షలు అన్నీ కలిపి ఇద్దరికీ 48 వేల చిల్లర అయింది. అందులో బట్టలు, బూట్లు మళ్ళీ వాడుకునేవే. మళ్ళీ వెళ్తే ఏప్రిల్ ఆఖరులో వెళ్తాను, ఆపిల్ పూల కోసం. పెట్టెలు కాకుండా ఒకే మెత్తటి సంచి తీసుకెళ్తాను. సిమ్లాలో రెండు రాత్రులు చాలు, నార్కండాలో ఇంకో నాలుగుంటాను.

విజయవాడ స్టేషన్ బయటికి రాగానే మొహానికి సెగ కొట్టింది. స్వెటర్లు ఉతికి, వేపాకు వేసి బీరువాలో పెట్టాను. ఆ చివరి భాగం ఇంకా చూడలేదు. ఎల్లుండి ఆదివారం, అక్క గుంటూరు నుంచి పొద్దున బస్సుకి వస్తానంది. ముందుగదిలో చాప వేసి ఉంచమంది.